పెగ్ తగిలించిన మందును ఎలైసాలో కొలవడం: రంగు ఎందుకు రావడం లేదు?

పాలిఇథిలీన్ గ్లైకాల్, అంటే పెగ్ తగిలించిన మందును రక్తంలో యాంటీబాడీతోనే ఎందుకు కొలుస్తారని, మీ ఎలైసాలో (యాంటీబాడీలతో ప్లేటు గుంటల్లో పట్టుకుని, వచ్చే రంగును బట్టి కొలిచే పరీక్షలో) రంగు ఎందుకు రావడం లేదని అడిగారు. అనంతపురంలో పీజీ ప్రాజెక్టు చేసే రోజుల్లో నేనూ ఇదే చిక్కులో మూడు వారాలు పోగొట్టుకున్నాను.

పెగ్ అతినీలలోహిత కాంతిని చెప్పుకోదగినంతగా పీల్చుకోదు కనుక, రక్తరసంలోని ప్రొటీన్ల గుంపులో దాన్ని కాంతి ఎంత పీల్చుకుందో కొలిచే మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్‌తో పట్టుకోలేము. అయితే ఆ గొలుసు పొడవునా రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న ఒకే ముక్క దండలో పూసల్లా మళ్లీ మళ్లీ వస్తుంది. అందువల్ల ప్లేటు అడుగున అంటించిన యాంటీబాడీ గొలుసును ఒక చోట పట్టుకున్నా, పక్కనే రంగు తెప్పించే ఎంజైమును మోసే రెండో యాంటీబాడీకి చోటు మిగిలే ఉంటుంది. తైవాన్‌లోని అకాడెమియా సినికాలో స్టీవ్ రోఫ్లర్ బృందం ఇలాంటి మోనోక్లోనల్ (అన్నీ ఒకే రకంగా ఉండే) యాంటీబాడీలను తయారుచేసింది. గొలుసు కొసన ఉండే మెథాక్సీ అనే చిన్న రసాయన గుంపును మాత్రమే గుర్తించే రకాన్ని రెండు వైపులా వాడితే, ఒకే గొలుసు ఉన్న మందుకు పని జరగదు, ఎందుకంటే ఆ కొస గొలుసుకు ఒక్కటే.

ఇక రంగు సంగతి. ఆమ్లం పోశాక పసుపుపచ్చగా మారవలసిన నా గుంటలు నీళ్లలాగే ఉండిపోయేవి. మే నెల ఎండకు ఎంజైము చెడిందనుకుని ఫ్రిజ్‌ను తిట్టుకున్నాను, కొత్త సీసా కూడా తెప్పించాను. చివరికి మా సీనియర్ అక్క కడిగే బఫర్ మీది చీటీ చదివి, "పెగ్గును వెతుకుతా పెగ్గుతోనే కడుగుతాండావు కదప్పా" అన్నారు. అందులో ట్వీన్ 20 అనే డిటర్జెంట్ ఉంది. దాని ప్రతి అణువులో సగటున 20 ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలుంటాయి, యాంటీబాడీ వాటినే అంటుకుని మందును వదిలేస్తుంది. ట్వీన్ తీసేసి, పెగ్ ముక్కలు లేని చాప్స్ అనే డిటర్జెంట్ 0.1 శాతం వేశాక ఆ సాయంత్రమే రంగు వచ్చింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రెండు వైపులా పెగ్ యాంటీబాడీలే వాడితే, ప్రొటీను తెగిపోయి గొలుసు మాత్రమే మిగిలినా అది లెక్కలోకి వస్తుంది. మందు నిలిచి ఉందో లేదో కావాలంటే రెండోది ప్రొటీనును గుర్తించేది కావాలి.

రోగి శరీరం తానే తయారుచేసుకునే పెగ్ యాంటీబాడీలది వేరే కథ. యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు వాచే గౌట్‌కు అమెరికాలో 2010లో అనుమతి పొందిన, పెగ్ తగిలించిన పెగ్లోటికేస్ అనే మందు విషయంలో కొందరిలో అవి పెరిగి మందును తొందరగా తొలగిస్తాయి, అందుకే మందును సిరలోకి ఎక్కించే ప్రతిసారీ ముందు రక్తంలో యూరిక్ ఆమ్లం చూస్తారు. కొలొనోస్కోపీకి ముందు తాగించే పొడిలోనూ, ఎన్నో క్రీముల్లోనూ పెగ్ ఉంటుంది కనుక, పెగ్ తగిలించిన మందు ఎన్నడూ తీసుకోనివారిలోనూ ఆ యాంటీబాడీలు కనబడవచ్చు. అవి గొలుసును ముందే కప్పి ఉంటే మీ కొలత అసలుకన్నా తక్కువ చూపుతుంది. దీన్ని పట్టుకోవడానికి, తెలిసినంత మందును ఆ రోగి రక్తరసంలో కలిపి, అది ఎంత తిరిగి కనిపిస్తుందో అదే ప్లేటులో చూడండి.