పెద్ద కాలిబర్ వేట రైఫిల్: తూటా కంటే ముందు యాక్షన్‌ను ఎంచుకోండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ప్రమాదకరమైన పెద్ద జంతువుల వేటకు రైఫిల్‌ను భాగాలు ఎంచుకుని కట్టించుకోవడం ఎలాగన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను. యాక్షన్ అంటే, తూటాను లోపలికి తోసి మూసే బోల్టు, దాన్ని పట్టి ఉంచే రిసీవర్ కలిసిన రైఫిల్ మధ్య భాగం. .30-06, .375, .416 వంటివి తూటాల పేర్లు, మొదటి అంకె బుల్లెట్ లావును సుమారుగా అంగుళాల్లో చెబుతుంది.

ప్రశ్న: నేను హ్యూస్టన్‌లో స్థిరపడ్డాను, గ్రీన్ కార్డు ఉంది. ఎనిమిదేళ్ళుగా .30-06 రైఫిల్‌తో జింకలను, అడవి పందులను వేటాడుతున్నాను. రెండేళ్ళ తరువాత జింబాబ్వేలోని జాంబెజీ లోయకు కేప్ బఫెలో (ఆఫ్రికా అడవిదున్న) వేటకు వెళ్ళాలని అనుకుంటున్నాను. వీజెడ్-24 అనే పాత చెక్ సైనిక మౌజర్ యాక్షన్ ఒకటి నా దగ్గర ఉంది. దాని మీద .416 రిగ్బీ కట్టించవచ్చా? లేక .458 లాట్ మేలా? మంచి బ్యారెల్ ఎంత పొడవు ఉండాలి?

జవాబు: మీ ఉత్తరంలో తూటా శక్తి గురించి చాలా వివరంగా రాశారు కానీ, ఆ తూటా మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనుక అది కూర్చుని పేలే గదిలోకి, ఎలా చేరుతుందన్న ప్రస్తావన ఎక్కడా లేదు. దున్న వేటకు కట్టించే రైఫిల్‌లో నేను మొదట అడిగే ప్రశ్న అదే. ముప్పై గజాల దూరంలో గాయపడిన దున్న మీ వైపు తిరిగినప్పుడు, మొదటి గుండు ఎంత శక్తిమంతమైనదన్నది అప్పటికే ముగిసిన సంగతి. రెండో తూటా చాంబర్‌లోకి వెళ్ళిందా లేదా అన్నదే మిగిలి ఉంటుంది.

వీజెడ్-24 చక్కని యాక్షనే, కానీ .416 రిగ్బీకి అది సరిపోదు. మౌజర్ 98 సైనిక యాక్షన్‌ను సుమారు 3.3 అంగుళాల పొడవున్న తూటాల కోసం తయారు చేశారు, .30-06 తూటా కూడా దాదాపు అంతే ఉంటుంది. .416 రిగ్బీ తూటా పొడవు 3.75 అంగుళాలు, దాని అడుగు భాగం వెడల్పు 0.59 అంగుళాలు, అంటే .30-06 కంటే 0.12 అంగుళాలు ఎక్కువ. ఇంత పెద్ద తూటాను ఇరికించాలంటే మ్యాగజైన్‌కు ముందూ వెనుకా ఉక్కును కోయాలి, బోల్టు ముఖాన్ని తొలిచి వెడల్పు చేయాలి. ముందు వైపు కోసే ఉక్కే బోల్టు కింది లగ్గుకు (పేలేటప్పుడు బోల్టును కదలకుండా పట్టే మొనకు) ఆధారం కాబట్టి, అలా కోసిన యాక్షన్‌ను నేనైతే భుజానికి ఆనించుకోను. 1911లో .416 తూటాను విడుదల చేసిన రిగ్బీ కంపెనీ కూడా దానికోసం మౌజర్ ఫ్యాక్టరీ తయారు చేసిన పొడవైన మాగ్నమ్ యాక్షన్‌నే వాడింది. ఆనాటి కార్డైట్ అనే తుపాకీ మందు ఉష్ణదేశాల ఎండకు వేడెక్కి ఒత్తిడి పెంచేది కనుక, పీడనం తక్కువగా ఉండేలా తూటా కేసును (మందు నింపే ఇత్తడి గొట్టాన్ని) అంత పెద్దదిగా చేశారు. ఆ వెడల్పే నేడు యాక్షన్ ఎంపికను కష్టతరం చేస్తోంది.

ఇక తూటా సంగతి. మీరు అడగని .375 హెచ్ అండ్ హెచ్‌ను నేను సూచిస్తున్నాను. హాలండ్ అండ్ హాలండ్ దీన్ని 1912లో విడుదల చేసింది. 300 గ్రెయిన్ల (సుమారు 19.4 గ్రాముల) బుల్లెట్‌ను సెకనుకు సుమారు 2,530 అడుగుల వేగంతో పంపే ఈ తూటా శక్తి దాదాపు 4,260 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 5,780 జౌల్స్. జింబాబ్వేలో దున్నకు కనీసం 9.2 మిల్లీమీటర్ల కాలిబర్, 5,300 జౌల్స్ శక్తి ఉండాలన్న నిబంధనను ఇది దాటుతుంది. .416 రిగ్బీ 5,000 ఫుట్-పౌండ్లకు పైగా, .458 లాట్ దాదాపు 5,900 ఫుట్-పౌండ్లు ఇస్తాయి, నిజమే. అయితే మీ .30-06 భుజాన్ని సుమారు 20 ఫుట్-పౌండ్ల బలంతో తంతే, అదే లెక్కన .375 తన్ను దాదాపు రెట్టింపు, లాట్ తన్ను మూడింతల పైమాట. ఆ తన్నుకు భయపడి కళ్ళు మూసుకుని పేల్చిన 500 గ్రెయిన్ల బుల్లెట్ కంటే, భుజం వెనుక సరైన చోట తగిలిన 300 గ్రెయిన్ల బుల్లెట్ దున్నను త్వరగా పడగొడుతుంది. బాధపడకుండా చావడమన్నది ఆ జంతువుకు మనం బాకీ ఉన్న కనీస మర్యాద.

.458 కథ కూడా యాక్షన్ కథే. విన్‌చెస్టర్ 1956లో .458 విన్‌చెస్టర్ మాగ్నమ్‌ను మామూలు పొడవు యాక్షన్‌లో పట్టేలా 2.5 అంగుళాల కేసుతో తెచ్చింది. చోటు చాలక మందును నొక్కి పెట్టాల్సి రావడంతో, అది కొన్నిసార్లు గడ్డకట్టి సరిగా మండేది కాదని వేటగాళ్ళు ఫిర్యాదు చేశారు. 1959లో మొజాంబిక్‌లో దున్న కుమ్మి గాయపడిన జాక్ లాట్, ఆ తరువాత 1971లో 2.8 అంగుళాల కేసుతో పెద్ద తూటాను రూపొందించాడు. అవసరమైతే లాట్ చాంబర్‌లో పాత .458 తూటాను కూడా పేల్చవచ్చు; మారుమూల శిబిరంలో మీ తూటాలు పోయినప్పుడు అదొక పెద్ద వెసులుబాటు. .375 తీసుకున్నా అలాంటి ధైర్యమే ఉంటుంది, ఎందుకంటే ఆఫ్రికాలో వేట జరిగే దేశాల్లో అంత సులువుగా దొరికే పెద్ద తూటా మరొకటి లేదు.

కాబట్టి మీ వీజెడ్-24ను .30-06 కుటుంబపు తూటాలకే ఉంచి, దున్న కోసం విన్‌చెస్టర్ మోడల్ 70 యాక్షన్‌ను గానీ, వాడిన సి.జెడ్. 550 మాగ్నమ్‌ను గానీ వెతకండి. సి.జెడ్. 550 తయారీ ఆగిపోయింది, అయినా పాతవి దొరుకుతున్నాయి, రిగ్బీ, లాట్ తూటాలు కూడా అందులో ఇమిడిపోతాయి. మోడల్ 70లో 1964 నుంచి 1990ల మొదటి వరకు తయారైనవి మాత్రం ఈ పనికి వద్దు, ఎందుకంటే ఆ కాలంలో వాటికి పంజా ఎక్స్‌ట్రాక్టర్ లేదు. ఆ పంజా ఏం చేస్తుందో చెబుతాను. తూటా మ్యాగజైన్ నుంచి పైకి లేస్తుండగానే దాని అంచు పంజా కిందికి జారి బోల్టుకు పట్టుబడుతుంది. మీరు కంగారులో బోల్టును సగం దూరం తోసి మళ్ళీ వెనక్కి లాగినా ఆ తూటా బోల్టుతోపాటే వెనక్కి వస్తుంది. పంజా లేని రైఫిల్‌లో అది అక్కడే పడి ఉంటుంది, తరువాతి తూటా వచ్చి దాన్ని పొడుస్తుంది, రెండూ ఇరుక్కుంటాయి.

పోయిన చలికాలంలో ఒకాయన నా బల్ల మీద పెట్టిన రైఫిల్ నాకింకా గుర్తుంది. .375 గా తయారైన దానికి మరొక చోట లాట్ బ్యారెల్ బిగించారు. వార్నిష్ అద్దంలా మెరుస్తోంది, బ్యారెల్ నీలిరంగు ముచ్చటగా ఉంది. నేను మందు లేని నకలు తూటాలు మూడు నింపి బోల్టు తోశాను. మొదటిది వెళ్ళింది, రెండోది వెళ్ళింది, మూడోది ముక్కు వంచి, తూటాను చాంబర్‌లోకి ఎక్కించే ర్యాంపు అనే వాలుకు గుద్దుకుని ఆగిపోయింది. తీసి చూస్తే బుల్లెట్ కొన నలిగి ఉంది, ర్యాంపు ఎడమ వైపున వేలిగోరంత రాగి మరక అంటుకుని ఉంది, అంటే అది అంతకు ముందు కూడా చాలాసార్లు అక్కడే ఆగింది. యజమాని ఎప్పుడూ బల్ల దగ్గర ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి పేల్చాడే తప్ప, మ్యాగజైన్ నిండుగా ఒక్కసారీ నడపలేదు. తప్పు ఎక్కడుందంటే, మ్యాగజైన్ పెట్టె పాత తూటాదే, తూటాను పట్టి పైకి వదిలే పట్టాల అంచులూ పాత తూటా ఆకారానికే తీర్చినవి. ఆ రైఫిల్‌కు పెట్టిన ఖర్చులో కొంత బ్యారెల్ మెరుగు మీద కాక ఆ పట్టాల మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది. మీరు ఏ గన్‌స్మిత్‌కు ఇచ్చినా, మ్యాగజైన్ నిండుగా నింపి, నెమ్మదిగానూ వేగంగానూ, రైఫిల్‌ను పక్కకు వంచి కూడా వంద తూటాలు నడిపి చూపమని ముందే మాట తీసుకోండి.

మిగిలినవి క్లుప్తంగా. బ్యారెల్ 24 అంగుళాలు చాలు, .375కు 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు) సరైనది. క్రోమ్-మాలీ ఉక్కా, స్టెయిన్‌లెస్సా అన్నది మీ ఇష్టం. ట్రిగ్గర్ మూడున్నర నుంచి నాలుగు పౌండ్ల మధ్య శుభ్రంగా విడిపోవాలి. సి.జెడ్. లో వచ్చే, ముందే సవరిస్తే చాలా తేలికగా విడిపోయే సెట్ ట్రిగ్గర్‌ను మార్పించి మామూలుది పెట్టించండి. సేఫ్టీ మూడు స్థానాలది, తూటాను కొట్టి పేల్చే స్ట్రైకర్‌నే నేరుగా పట్టి ఆపేది అయి ఉండాలి. స్కోప్‌తో (గురి చూసే దుర్బిణితో) కలిపి రైఫిల్ బరువు తొమ్మిదిన్నర, పది పౌండ్ల మధ్య ఉంటే తన్ను భరించవచ్చు, రోజంతా మోయవచ్చు.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి. .416 రెమింగ్టన్ మాగ్నమ్ కట్టించుకుంటున్నాను. స్టాక్ వాల్‌నట్ చెక్కదా, ఫైబర్‌గ్లాసుదా? తన్ను తగ్గడానికి బ్యారెల్ కొసన బిగించే మజిల్ బ్రేక్ పెట్టించమంటారా?

జవాబు: తడి ప్రాంతాల్లో, ముఖ్యంగా అలాస్కాలో ఎలుగుబంట్ల వేటకైతే ఫైబర్‌గ్లాసు నిశ్చింతగా ఉంటుంది. చెక్క కావాలంటే, చూడముచ్చటైన మెలికల గీతలున్న దుంగను పక్కన పెట్టి, చేతి పట్టు ఉండే సన్నని చోట గీతలు తిన్నగా సాగే దుంగను ఎంచుకోండి. పెద్ద రైఫిళ్ళ స్టాకులు పగిలేది యాక్షన్ తోక వెనుకే. తోక వెనుక చెక్క ఆనుకుని ఉంటే, ప్రతి పేలుడుకూ యాక్షన్ వెనక్కి జరిగి మేకులా దిగి చెక్కను చీలుస్తుంది. అందుకని అక్కడ సన్నని సందు వదలాలి, తన్ను భారాన్ని ముందు లగ్గు, అంటే యాక్షన్ కింద చెక్కలోకి దిగే ఉక్కు మొన, మోయాలి. బ్యారెల్ కింద రెండో లగ్గు, చెక్కలో అడ్డంగా రెండు ఉక్కు బోల్టులు, లగ్గుల వెనుక ఖాళీ లేకుండా నింపే ఎపాక్సీ జిగురు (బెడ్డింగ్) తప్పనిసరి అని నా అభిప్రాయం. స్లింగ్ కొక్కెం స్టాక్ ముందు భాగంలో కాకుండా బ్యారెల్ మీద పట్టీకి ఉండాలి. నా మొదటి పెద్ద రైఫిల్‌కు అది చెక్క మీదే ఉండేది, తన్నులో చెయ్యి ముందుకు జారి చూపుడు వేలు ఎముక దాకా తెగింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

స్టాక్ పొడవు కొలిచేటప్పుడు వేటకు వేసుకునే కోటు వేసుకునే కొలవండి. అంగుళం మందం ఉన్న మెత్తని రబ్బరు ప్యాడ్ పెట్టించండి. మజిల్ బ్రేక్ తన్నును బాగానే తగ్గిస్తుంది, కానీ ఆ పేలుడు ధ్వనిని పక్కలకు మళ్ళిస్తుంది. మీ పక్కన నడిచే ట్రాకర్ (జంతువు జాడ పట్టే మనిషి) చెవులకు రక్షణ ఉండదు. ఇంకొకరి వినికిడిని పణంగా పెట్టే సుఖం మనకు వద్దు. విప్పదగిన బ్రేక్ పెట్టించుకుని, చెవులు కప్పుకుని సాధనలో వాడి, వేటకు తీసివేయండి. అయితే బ్రేక్ తీశాక గుండు తగిలే చోటు మారవచ్చు కనుక గురిని మళ్ళీ సరిచూసుకోవాలి.

ప్రశ్న: శాన్ హోసే నుంచి. ఇనుప సైట్లు చాలవా? స్కోప్ అవసరమా?

జవాబు: రెండూ ఉండాలి. 1 నుంచి 4, లేదా 1 నుంచి 6 రెట్ల స్కోప్, కంటికి కనీసం మూడున్నర అంగుళాల దూరం ఇచ్చేది ఎంచుకోండి. దూరం తక్కువైతే కనుబొమ చీలుతుంది. ఉపకరణాలు లేకుండా విప్పి మళ్ళీ బిగించగల మౌంటు పెట్టించండి, దాని స్క్రూలు మామూలు 6-48 బదులు లావైన 8-40వి అయితే తన్నుకు తెగవు. వెనుక సైటు ఒకే రెక్కతో, లోతు తక్కువ వెడల్పు ఎక్కువ ఉన్న వి ఆకారంలో చాలు. ముందు సైటు మీది పూస మసక వెలుతురులో కనిపించేంత పెద్దదిగా ఉండాలి.

ప్రశ్న: డాలస్ నుంచి. నాది హెచ్-1బి వీసా. భాగాలు ఒక్కొక్కటిగా కొని రైఫిల్ కట్టించుకోవచ్చా?

జవాబు: బ్యారెల్, స్టాక్, ట్రిగ్గర్ అమెరికా సమాఖ్య చట్టం దృష్టిలో తుపాకీ కావు, యాక్షన్‌లోని రిసీవర్ మాత్రమే తుపాకీ. దుకాణంలో దాన్ని కొనేటప్పుడు ఫారం 4473 నింపాలి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండడాన్ని ఆ చట్టం నిషేధిస్తుంది. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. అది ఉన్నంత కాలమే మీకు వెసులుబాటు, గడువు తీరిన మరునాడు ఇంట్లో రైఫిల్ ఉంటే అది నేరం, వీసాకే ముప్పు. కొనే ముందు వలస చట్టం తెలిసిన న్యాయవాదిని తప్పక అడగండి. విదేశానికి వేటకు తీసుకువెళ్ళేవారు ఎవరైనా, బయలుదేరే ముందే రైఫిల్‌ను కస్టమ్స్ వారికి చూపించి ఫారం 4457 మీద ముద్ర వేయించుకోవాలి.

ప్రశ్న: హనుమకొండ నుంచి. మా తాతగారి పాత .375 రైఫిల్ లైసెన్స్‌తో నా పేరున ఉంది. బ్యారెల్ లోపల తుప్పు పట్టింది. కొత్త బ్యారెల్ వేయించి అడవికి తీసుకువెళ్ళవచ్చా?

జవాబు: అడవికి వద్దు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవిదున్న, పులి వంటివి ఆ చట్టం మొదటి షెడ్యూలులో అత్యంత రక్షణ పొందిన జంతువులు. బ్యారెల్ మార్చడం, మరమ్మతు చేయడం కూడా ఆయుధ చట్టం కింద అందుకు లైసెన్స్ ఉన్న సంస్థలే చేయాలి, ఇంటి దగ్గర లేత్ ఉన్న మిత్రుడు చేయకూడదు. ఆనాటి ప్రైమర్లు (తూటా అడుగున మందును అంటించే చిన్న భాగాలు) పేలాక వదిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చి బ్యారెల్‌ను తినేస్తుంది, మీ తాతగారి రైఫిల్‌కు పట్టిన తుప్పు బహుశా అదే. దాన్ని పేల్చకుండా, లైసెన్స్ ఉన్న డీలర్‌తో శుభ్రం చేయించి, నూనె పట్టించి, లైసెన్స్ గడువు దాటకుండా చూసుకుంటూ భద్రపరచండి. బోల్టు మీద, యాక్షన్ మీద, బ్యారెల్ మీద ఉన్న నంబర్లన్నీ ఒకటేనేమో చూసి నాకు రాయండి. ఒకటే అయితే అది విడిభాగాలు మారని రైఫిల్ అన్నమాట, కొత్త బ్యారెల్ వేయించి ఆ జతను విడదీయవద్దు.