మగ్గం అమ్మితే పోయేదేమిటి?
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నాన్నగారు జీవితమంతా పట్టు నేశారు. ఆయన పోయాక మగ్గం ఖాళీగా ఉంది. దానిని విప్పి కర్రకు, ఇనుముకు ఎంత వస్తే అంతకు అమ్మేసి, ఆ గదిని అద్దెకు ఇద్దామని అన్నయ్యలిద్దరూ అంటున్నారు. వచ్చే డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ఆ మాట వింటే నన్నే బేరం పెట్టినట్లు బాధ కలుగుతున్నది. నాకు పెళ్లయి చాలా ఏళ్లయింది, ఆ మగ్గం మీద నేను ఒక్క చీర కూడా నేయలేదు. ఇది వట్టి మమకారమేనా?
ఒక సోదరి, బరంపురం

జవాబు: అమ్మా, చీర నేయలేదన్నారు గానీ, నేతవారి ఇంట ఆడపిల్ల చేతికి పని లేకుండా పెరగదు. కండెలు చుట్టడం, చిక్కుపడిన పోగు విడదీయడం, పడుగు సాగదీసేటప్పుడు ఒక కొస పట్టుకొని నిలబడటం మీరూ చేసే ఉంటారు. ఆ పనికి చీర వెలలో విడిగా కూలి లేదు, ఏ ఖాతాలోనూ పేరు లేదు. అది జరిగిందనడానికి మిగిలిన సాక్ష్యం ఆ మగ్గమే. దానిని విప్పుతామంటే మీ బాల్యంలో కొంత భాగాన్ని లెక్కలోంచి కొట్టివేస్తున్నట్లు మీకు తోచడంలో వింత లేదు.

తనదనుకొన్న వస్తువుకు మనిషి ఎక్కువ వెల కట్టడం ఎంతటి సహజమో చూపిన ప్రయోగాలు ఉన్నాయి. డానియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రకటించిన ఒక పరిశోధనలో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకు అమ్ముతారని అడిగారు, కప్పు దొరకనివారిని ఎంతకు కొంటారని అడిగారు. ఒకే కప్పుకు అమ్మేవారు కోరిన ధర కొనేవారు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. అప్పుడే చేతికి వచ్చిన కప్పు సంగతే అలా ఉంటే తరాలుగా ఇంట్లో ఉన్న మగ్గం సంగతి వేరే చెప్పాలా? అంతకు రెండేళ్ల ముందు, 1988లో, రసెల్ బెల్క్ అనే అమెరికా పండితుడు మనిషి తన వస్తువులను తనలో భాగంగానే భావిస్తాడనీ, వాటిని దొంగలకో ప్రకృతి వైపరీత్యానికో పోగొట్టుకొన్నప్పుడు కలిగేది దుఃఖమేననీ వాదించాడు. 2013 అక్టోబరులో గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్ తుపాను తరువాత తడిసిన ట్రంకు పెట్టెల ముందు కూర్చొన్నవారిని చూసిన మీ గంజాం జిల్లా ప్రజలకు ఈ సంగతి ఏ పండితుడూ చెప్పనక్కరలేదు.

అయితే అదే మగ్గం మీ అన్నయ్యలకు వేరే కథ చెబుతూ ఉండవచ్చు. మాస్టర్ వీవర్, అంటే కూలికి నేయించే ఆసామి, దగ్గర తీసుకొన్న అడ్వాన్సు తీరకపోవడం, పెళ్లిళ్లు లేని నెలల్లో చేతికి పని లేకపోవడం, నేతపనిలో ఉన్న కుర్రవాడికి పిల్లనివ్వడానికి అయినవాళ్లే వెనుకాడటం మగపిల్లలు ఎక్కువగా చూస్తారు. వారు అమ్ముతున్నది తండ్రి జ్ఞాపకాన్నని మీరు అనుకొంటున్నారు. వారు దించుకొంటున్నది తండ్రి మోసిన బరువు కావచ్చు. కోపం తెచ్చుకొనే ముందు ఆ సంగతి వారినే అడగండి.

మీ భయంలో ఒక భాగానికి మాత్రం ఆధారం లేదు. బరంపురంలో నేతవారి గుర్తింపు మగ్గం ఉన్న గదితో ముగిసిపోదు. రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారు నేతవారి కులపెద్ద దేశి బెహరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుంది. ఊళ్లో ఎంతమంది ధనవంతులు వెలసినా ఆ పెద్దరికం ఎవరూ కొనుక్కోలేకపోయారు. మగ్గం మానేసి ఉద్యోగాలలో, దుకాణాలలో స్థిరపడిన కుటుంబాలు కూడా ఆ రోజులలో నేతవారుగానే నిలబడతాయి.

ఇక చట్టం మాట కూడా చెప్పాలి. మగ్గం నాన్నగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అందులో కొడుకులతో సమానంగా కూతురికీ వాటా ఉంది. పెళ్లి అయినందువల్ల ఆ వాటా పోదు. కోర్టుకు వెళ్లమని నా ఉద్దేశం కాదు. మిమ్మల్ని అడగకుండా విప్పవద్దని నెమ్మదిగా చెప్పే హక్కు మీకు ఉందని గుర్తుంటే చాలు. నా సలహా అడిగితే, కట్టెల ధరకు ఇచ్చేకంటే ఇప్పటికీ నేస్తున్న ఒక కుటుంబానికి, తక్కువకైనా సరే, ఇప్పించండి. హాలులో అలంకారంగా నిలబెట్టిన మగ్గం నాకు నచ్చదు. అది నేతను గురించి ఏమీ చెప్పదు, ఇంటివారి అభిరుచిని చాటుకోవడానికి మాత్రం పనికివస్తుంది.

ప్రశ్న: బరంపురంలో మాకు తాతగారి నాటి బట్టల కొట్టు ఉంది. ఒకప్పుడు పెళ్లికి చీర, మగవారి పట్టు కలిపి జోడు కొననిదే ముహూర్తం పెట్టుకొనేవారు కారు. ఇప్పుడు అదే అంచును సూరత్ యంత్రాల మీద వేసిన చీర చాలంటున్నారు. మేము కూడా అదే తెచ్చి అమ్ముతున్నాము. జనం కోరేది అమ్మడం వ్యాపార ధర్మమని మా అబ్బాయి అంటాడు, జనానికి ఏది కోరాలో చెప్పేది వ్యాపారే అని మా నాన్నగారు అనేవారు. ఏది నిజం?
ఒక వ్యాపారి, బరంపురం

జవాబు: ఇద్దరూ జనాన్నీ అంగడినీ వేరువేరుగా చూస్తున్నారు. జోడు ఎందుకు అమ్ముడయ్యేదో ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్లిపీటల మీద కూర్చొన్నవారిని చూసేది బంధువులు, ఆ వీధివారు. ఫోడా కుంభ అంచును, అంటే గుడి శిఖరాల వరుసలా ఉండే ఆ అంచును, దూరం నుంచే గుర్తుపట్టి ఇది చేతినేతా కాదా అని చెప్పగల కళ్లు వారికి ఉండేవి. చీర విలువలో సగం ఆ కళ్లలో ఉండేది. ఇప్పుడు పెళ్లిని ఎక్కువమంది చూసేది ఫోన్‌లో, అరచేతి వెడల్పు బొమ్మగా. ఆ బొమ్మలో చేతినేతకూ యంత్రపు నేతకూ తేడా కనపడదు. ధర ఒక కారణమే, కాదనను. కానీ గుర్తుపట్టేవారు తగ్గిపోయిన చోట ఎక్కువ ధర ఇవ్వడానికి మనిషికి ప్రేరణ ఉండదు. ధనాన్ని నలుగురికీ కనపడేలా ఖర్చు చేయడం వల్లనే హోదా నిలుస్తుందని థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే రాశాడు. ఆ నలుగురూ మారితే ఖర్చు చేసే వస్తువు కూడా మారుతుంది. పీటల మీద గంటసేపు కట్టే పట్టుకు తగ్గించి, రిసెప్షన్ సూటుకు పెంచిన కుటుంబాలు మీ ఖాతాదారులలోనే ఉండి ఉంటాయి.

ఇందులో గంజాం జిల్లాకే ప్రత్యేకమైన ఒక చిత్రం ఉంది. సూరత్ మరమగ్గాల మీద పని చేసేవారిలో ఈ జిల్లా నుంచి వెళ్లినవారు చాలా పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడి జీతంతో ఇక్కడ చెల్లెలి పెళ్లి జరుగుతుంది, ఆ పెళ్లికి మీరు అమ్మే యంత్రపు చీర నేసినవాడు పక్క ఊరి కుర్రవాడే కావచ్చు. అతడిని నిందించి ప్రయోజనం లేదు. ఊళ్లో మగ్గం ఇవ్వలేని నెలజీతాన్ని అక్కడి యంత్రం ఇచ్చింది. ఫ్యాషన్ మారిందనే ఒక్క మాటతో సరిపెట్టుకొంటే వలస, జీతం, అప్పు చేసి అయినా పెళ్లి ఘనంగా చేయాలన్న ఆరాటం, ఇవన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి.

మీ కొట్టుకు పనికివచ్చే మాట ఒకటి బంగారం వ్యాపారం నుంచి నేర్చుకోవచ్చు. ఇంటి కంసాలిని తరతరాలుగా ఎరిగినంతకాలం ఎవరూ ముద్ర అడగలేదు. మనుషులు ఊళ్లు మారి, ముఖపరిచయం లేని దుకాణంలో కొనడం మొదలయ్యాక నమ్మకం వ్యక్తి నుంచి గుర్తుకు మారింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదన్న నియమం వచ్చింది. పట్టులోనూ అలాంటి గుర్తులు ఉన్నాయి గానీ వాటిని కలగాపులగం చేసి చెబుతున్నారు. సిల్క్ మార్క్ అది స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది, చేతినేత అని చెప్పదు. హ్యాండ్‌లూమ్ మార్క్ చేతినేత అని చెబుతుంది, ఏ ఊరిదో చెప్పదు. బరంపురం పట్టుకు ఉన్న భౌగోళిక గుర్తింపు (జీఐ) ఊరినీ సంప్రదాయాన్నీ చెబుతుంది. ఈ మూడింటికీ తేడాను కొనేవారికి ఓపికగా వివరించే అమ్మకందారు ఒక్కరు కొట్టులో ఉంటే, పోయిన ఆ కళ్లు కొంతైనా తిరిగి తయారవుతాయి. మీ నాన్నగారి మాటలో నాకు నచ్చిన భాగం అదే.

యంత్రపు చీర అమ్మవద్దని నేను అనను. దానిని వేరే అరలో, దాని పేరుతోనే అమ్మండి. అంచు ఉన్న చీరలు సహా 11 రకాల బట్టలను కొన్ని నిర్దిష్ట లక్షణాలతో మరమగ్గం మీద నేయకూడదని 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం చెబుతున్నది. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. మీరు తెప్పిస్తున్న సరుకు ఆ పరిధిలోకి వస్తుందో రాదో చేనేత శాఖ వారిని అడిగి తెలుసుకోవడం మీకే మంచిది.

ప్రశ్న: నేను రాయగడలో డిగ్రీ చదువుతున్నాను. నియమగిరి విషయంలో అంత పెద్ద కంపెనీ ముందు కొన్ని కొండ ఊళ్ల మాట ఎలా నెగ్గింది? డొంగ్రియా వారి శాలువాలు ఇప్పుడు దుకాణాలలోకి రావడం మంచిదేనా?
ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: డొంగ్రియా కోందు గిరిజనులు ఉండే నియమగిరి కొండల బాక్సైటును, అంటే అల్యూమినియం ముడి ఖనిజాన్ని, లాంజిగఢ్‌లోని వేదాంత కంపెనీ అల్యూమినా కర్మాగారానికి తవ్వి ఇవ్వాలన్న ప్రతిపాదన మీద, అక్కడివారి మత, సాంస్కృతిక హక్కుల సంగతి గ్రామసభలు తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం దానికి ఆధారం. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5 ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. కర్మాగారం మాత్రం మూతపడలేదు, దానికి ఖనిజం ఇతర చోట్ల నుంచి వస్తున్నది. అదే సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి, నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలన్న నియమం అమలులోకి వచ్చింది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవారు ఉన్నారు గానీ, లాభం వచ్చాక అందులోంచి బడి కట్టించడం ఒక సంగతి, తవ్వాలా వద్దా అని ముందే అడగడం మరొకటి. కొండను నియమరాజుగా కొలిచేవారికి ఆ కొండకు నష్టపరిహారం కట్టడం అన్నదే అర్థం కాని లెక్క.

శాలువా విషయం అంత తేలిక కాదు. కపడాగండా అనే ఆ శాలువా మీద డొంగ్రియా స్త్రీలు కుట్టే త్రికోణాలు ఆ కొండలకు గుర్తులు. దానిని అన్నకో, తండ్రికో, మనసిచ్చిన యువకుడికో ఇవ్వడం ఆచారం. 2024 జనవరిలో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అమ్మితే దాని పవిత్రత పోతుందని పట్నంవారు బాధపడటం నాకు సరిగా తోచదు. తనవారికి ఒకటి, అంగడికి ఒకటి కుట్టాలా వద్దా అన్నది ఆ స్త్రీల నిర్ణయం. ఆందోళన పడవలసింది వేరే చోట. భౌగోళిక గుర్తింపు ఆ పేరును కాపాడుతుంది, ఆ త్రికోణాల నమూనాను కాపాడదు. కపడాగండా అనే పేరు పెట్టకుండా అదే నమూనాను ఎక్కడో యంత్రం మీద అచ్చువేసి అమ్మేవాడిని ఆ చట్టంతో ఆపడం కష్టం. అందువల్ల కొనేటప్పుడు కుట్టినది ఎవరని, కుట్టినవారికి ఎంత ముడుతున్నదని దుకాణంలో అడగండి. జవాబు చెప్పలేని చోట కొనకండి.