ఎనిమిదిలో సైన్స్ మార్కులు తగ్గితే

మీ అబ్బాయి ఎనిమిదో తరగతికి వచ్చాక, సాయంత్రమంతా చదివినా సైన్స్ మార్కులు పడిపోయాయన్నారు. టెన్షన్ పడకండి అండీ. తెలంగాణ సిలబస్‌లో ఏడు దాకా సైన్స్ ఒకే సబ్జెక్టు. ఎనిమిది నుంచి భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం వేరవుతాయి. కాస్త తడబాటు మామూలే.

ట్యూషన్ సంగతి తర్వాత. ముందు, బడిలో ఆ రోజు చెప్పిన పాఠం రాత్రి పుస్తకం మూసి, గుర్తున్నంత రాయమనండి. ఘర్షణ పాఠమైతే నిర్వచనం వద్దు. నున్నటి గచ్చు మీద బంతి ఎక్కువ దూరం ఎందుకు దొర్లుతుందో సొంత మాటల్లో రాయాలి. రాయలేనిచోట ఎర్రగీత పెట్టుకుని, పొద్దున్నే ఆ ముక్క ఒక్కటే చదివితే చాలు. గైడు మాత్రం అటకెక్కించండి!

అన్నట్టు, సర్కారు బడే కదా, ఎన్‌ఎంఎంఎస్ (పేదింటి ప్రతిభావంతులకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. ఆదాయ పరిమితి, దరఖాస్తు గడువు హెడ్మాస్టరు గారిని అడగండి.