అత్తగారి సీరియల్ డాలస్‌లో ఎందుకు ఆగిపోయింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టీవీ గురించే ఉన్నాయి. ఎండాకాలంలో అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి బయల్దేరతారు కదా, సూట్‌కేసులో ఆవకాయ సీసాలు సర్దడం అయిపోయాక అందరికీ వచ్చే అనుమానం ఒకటే, అక్కడ మన చానళ్లు వస్తాయా అని. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చేసారికి పక్కన పెట్టి ఇవన్నీ ఒకేచోట తీసుకున్నాను.

ప్రశ్న: మా అత్తగారు ఆరు నెలలు ఉండడానికి గుంటూరు నుంచి వచ్చారు. ఇండియాలో యాప్‌కి ఏడాది డబ్బు కట్టేశాం, అదే లాగిన్ ఇక్కడి టీవీలో పెడితే 'మీ ప్రాంతంలో అందుబాటులో లేదు' అంటోంది. డబ్బు కట్టినా ఎందుకు రాదండీ? మేం ఇద్దరం ఆఫీసుకి వెళ్లిపోతే ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ రోడ్డు చూస్తున్నారు.
ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ లాగిన్‌లో తప్పేమీ లేదమ్మా. ఆ యాప్ మీ పేరూ, మీరు కట్టిన డబ్బూ చూసేకంటే ముందు మీ ఇంటి ఇంటర్నెట్ ఏ దేశంలో ఉందో చూస్తుంది. ప్రతి కనెక్షన్‌కీ ఐపీ అడ్రస్ అని ఒక నంబరు ఉంటుంది, పిన్‌కోడ్ చూసి ఊరు చెప్పినట్టు దాన్ని చూసి దేశం చెప్పేయొచ్చు. ఇక ఎందుకు ఆపుతారంటే, మన సినిమాలకి నైజాం ఒకరు, సీడెడ్ ఒకరు, ఓవర్సీస్ ఇంకొకరు కొనుక్కుంటారు కదా, సీరియళ్లూ షోలూ క్రికెట్టూ కూడా అలాగే దేశాల వారీగా అమ్ముడవుతాయి. మీరు కట్టింది ఇండియా ఏరియా టికెట్టు, కూర్చున్నది ఓవర్సీస్ హాల్లో. గేటు దగ్గర ఆపేశారు, అంతే.

అమెరికాలో ఇంకో చిక్కు ఉంది. హాట్‌స్టార్ అక్కడ 2022 చివర్లో దుకాణం సర్దేసి తన సరుకుని హులూ అనే అక్కడి స్ట్రీమింగ్ యాప్‌కి అప్పజెప్పింది. 'హాట్‌స్టార్ పెట్టుకో వదినా, స్టార్ మా వస్తుంది' అని హైదరాబాద్ నుంచి మీ ఆడపడుచు చెప్పే సలహా హైదరాబాద్‌లో నిజమే, డాలస్‌లో చెల్లదు. జెమినీ కావాలంటే అది సన్ వాళ్లది కాబట్టి సన్ నెక్స్ట్, జీ తెలుగు అయితే జీ5 (అమెరికాకి 2021లో వచ్చింది), ఈటీవీకి ఈటీవీ విన్. ఇలా విడివిడిగా ఎందుకు, మామూలు టీవీలా లైవ్ చానళ్లన్నీ ఒకేచోట కావాలనుకుంటే యప్ టీవీ, స్లింగ్ లాంటి వాళ్ల తెలుగు ప్యాకులు చూడాలి. వాటిలో ఏ చానల్ ఉందో ఏది పోయిందో మారుతూ ఉంటుంది కాబట్టి ఏడాదికి ఒకేసారి కట్టకండి, ఒక్క నెలకి కట్టి చూడండి. పండగ డిస్కౌంట్ అని చెప్పినా సరే.

అసలు కట్టే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది, దీన్ని మాత్రం ఎవరూ చేయరు. ఒక కాగితం ఇచ్చి, 'అత్తయ్యా, రోజూ తప్పకుండా చూసేవి మూడు రాయండి' అని అడగండి. తొంభై చానళ్ల ప్యాక్ కొందామనుకున్నవాళ్లకి చివరికి ఆ మూడూ ఒకే చానల్లో ఉన్నాయని తేలడం నేను చాలాసార్లు చూశాను.

రెండోది టైము. ఇండియాలో రాత్రి ఏడున్నర సీరియల్ ఎండాకాలంలో మీకు ఉదయం 9కి వస్తుంది, నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పాక 8కే వచ్చేస్తుంది. ఎప్పుడైనా చూసుకోవచ్చు కదా, యాప్‌లో ఉంటుంది కదా అని మీకు అనిపిస్తుంది. కానీ ఆవిడకి గుంటూరులో ఒక చెల్లెలో, పక్కింటావిడో ఉంటారు, సీరియల్ అవగానే ఫోన్ చేసి 'చూశావా, దాని పొగరు' అంటారు. ఆ ఫోన్ వచ్చేసరికి ఈవిడ చూసి ఉండాలి. సీరియల్ ఇరవై నిమిషాలు, దాని మీద ముచ్చట నలభై నిమిషాలు, ఆవిడ పోగొట్టుకున్నది ఆ నలభై. అందుకే వీలైతే లైవ్ వచ్చేదే తీసుకోండి, లేదా ఎపిసోడ్ అదే రోజు పెట్టే యాప్ తీసుకోండి.

మూడోది రిమోట్. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేను రిమోట్ గురించి గంటసేపు క్లాసు పీకాను, ఒక్క ముక్క ఎక్కలేదు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఆవిడే తన స్టికర్ బొట్టు ఒకటి తీసి మధ్య బటన్ మీద అంటించుకుంది, టీవీ పక్కన పాత కవరు వెనక 'ఇల్లు బొమ్మ, కిందికి రెండు, బొట్టు' అని రాసుకుంది. మూడు నెలలు అదే మాకు యూజర్ మాన్యువల్.

అన్నట్టు, టీవీలో యాప్ వెతికితే అసలు కనపడకపోతే, టీవీలో పెట్టిన గూగుల్ అకౌంట్ ఇంకా ఇండియాదే అయ్యుండొచ్చు. ప్లే స్టోర్‌లో దేశం ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి ఆవిడ అకౌంట్ జోలికి పోకుండా మీ అమెరికా అకౌంట్ పెట్టేయండి.

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల దగ్గర, షార్జాలో పని. ఆరుగురం ఒక గదిలో ఉంటాం. ఇండియా యాప్ ఇక్కడ ఆడకపోతే ఫ్రీ వీపీఎన్ వేసుకుంటే చాలు అని గదిలో వాళ్లంటున్నారు. వేసుకోవచ్చా?
ఒక పాఠకుడు, షార్జా

జవాబు: వద్దు తమ్ముడూ. వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్‌ని ఇంకో దేశంలోని సర్వర్ మీదుగా తిప్పి, మనం అక్కడే ఉన్నట్టు యాప్‌కి చూపించే సాఫ్ట్‌వేర్. చాలా దేశాల్లో అయితే వీపీఎన్‌తో చూస్తే యాప్ వాళ్ల నిబంధనలు తప్పినట్టు, మహా అయితే అకౌంట్ ఆపేస్తారు. మీరున్న చోట లెక్క వేరు. యూఏఈలో వీపీఎన్ ఉండటమే నేరం కాదు, బ్యాంకులూ కంపెనీలూ వాడతాయి. కానీ 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం దాన్ని అడ్డం పెట్టుకుని నేరం చేసినా, చేసింది బయటపడకుండా దాచినా జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా, ఒక్కోసారి రెండూ. ఆ తక్కువ అంకే మన రూపాయల్లో కోటి దాటుతుంది. సీరియల్ చూడటం కూడా నేరమేనా అని నాతో ఎంతసేపైనా వాదించు, నేను వింటాను. వీసా ఇంకొకరి చేతిలో ఉన్న చోట పోలీసుతో ఆ వాదన పెట్టుకోలేవు కదా. ఇంటికి వాట్సాప్ కాల్ కలవదని చాలామంది అక్కడ వీపీఎన్ వేసుకుంటారు, నాకూ తెలుసు, అందరూ చేస్తున్నారు కదా అనే మాట మాత్రం దొరికినవాడికి పనికిరాదు.

ఇంకోటి, ఫ్రీ అనే దాన్ని ఎవడో డబ్బు పెట్టి నడపాలి. నీ ఫోన్లో వెళ్లేదీ వచ్చేదీ అంతా వాడి సర్వర్ మీదుగా పోతుంది. అదే ఫోన్లో ఇంటికి డబ్బు పంపే యాప్ కూడా ఉంది కదా.

మరి ఏం చూడాలంటే, వార్తల వరకూ అసలు బాధే లేదు. మన తెలుగు వార్తా చానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాయి, దానికి డబ్బూ వద్దు, వీపీఎన్ కూడా వద్దు. కామెడీ షోల ముక్కలు కూడా చానళ్లే అక్కడ పెడతాయి. సీరియళ్లూ సినిమాలూ కావాలంటే అక్కడ అమ్మే ప్యాకే ఒకటి తీసుకుని ఆరుగురూ పంచుకోండి, కొనే ముందు ఎన్ని స్క్రీన్లలో ఒకేసారి ఆడుతుందో చూడండి. గదిలో ఒక్క పాత టీవీ ఉన్నా హెచ్‌డీఎంఐ కేబుల్‌తో లాప్‌టాప్ కలిపితే సరిపోతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఒక సుఖం ఉంది. గంటన్నరే తేడా కాబట్టి ఇండియాలో రాత్రి తొమ్మిదిన్నర షో మీకు ఎనిమిదికి, సరిగ్గా అన్నం తినే టైముకి వస్తుంది. అమెరికా వాళ్లకి ఆ భాగ్యం లేదు.

ప్రశ్న: ఇక్కడ మనవాళ్లే ఒకాయన ఒక బాక్స్ అమ్ముతున్నారు. ఒక్కసారి డబ్బు కడితే చాలు, జీవితాంతం అన్ని భాషల చానళ్లు, కొత్త సినిమాలు కూడా అంటున్నారు. నమ్మొచ్చా?
ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: ఎవరి జీవితాంతం అని అడిగారా? నేనూ కొన్నానండీ ఒకప్పుడు, ఒక పండగ ఫంక్షన్లో పులిహోర ప్లేటు చేతిలో ఉండగానే బేరం కుదిరింది. నాలుగు నెలలు అద్భుతంగా ఆడింది, తమిళం, పంజాబీ, ఎప్పుడూ చూడని భాషలు కూడా వచ్చాయి. సంక్రాంతి రోజు ఇంటినిండా చుట్టాలను కూర్చోబెట్టి పెడితే స్క్రీన్ మీద తెల్లటి చక్రం ఒక్కటే తిరుగుతోంది. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు, తర్వాత ఆ నంబరే లేదు. ఆయన్ని అనుకుని లాభం లేదు, ఆయనకీ ఎవరో పైనుంచి అమ్మారు. దొంగ సిగ్నల్ కాబట్టి ఎక్కడో ఒక సర్వర్ పట్టుబడగానే ఊళ్లో ఉన్న బాక్సులన్నీ ఒకేసారి పడుకుంటాయి.

డబ్బు పోవడం చిన్న విషయం. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి పేరూ ఊరూ లేని స్ట్రీమింగ్ బాక్సుల మీద హెచ్చరిక ఇచ్చింది, ఆ దొంగ సాఫ్ట్‌వేర్ పేరు బ్యాడ్‌బాక్స్ 2.0. కొన్ని డబ్బాల్లో అది కొనకముందే ఉంటుంది, కొన్నింట్లో మొదటిసారి ఆన్ చేసి వాళ్లు చెప్పిన యాప్ దించుకునేటప్పుడు ఎక్కుతుంది. తర్వాత మీ ఇంటి ఇంటర్నెట్ దొంగలకి అడ్డదారి అవుతుంది, ఎక్కడో ఎవడో చేసిన పనికి అడ్రస్ మాత్రం మీ ఇంటిది. బాక్స్ పెట్టేటప్పుడు గూగుల్ ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాపుల్ని పట్టుకునే కాపలా) ఆపేయమన్నా, ప్లే స్టోర్ కాకుండా ఇంకేదో మార్కెట్ నుంచి యాప్ దించమన్నా అక్కడే తీగ పీకేయండి. ఇప్పటికే కొనేసి ఉంటే కనీసం ఆ వైఫై మీద బ్యాంకు పనులు చేయకండి, ఇంకా మంచిది దాన్ని తీసి పక్కన పెట్టడం.

ప్రశ్న: ఇంటర్నెట్ ఫాస్ట్‌గానే ఉంది, అయినా పాట మధ్యలో బొమ్మ ఆగి ఆగి వస్తోంది. ఎవరి తప్పు?
ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఎక్కువసార్లు రౌటర్ ఉన్న చోటు తప్పు. హెచ్‌డీ బొమ్మకి 5 ఎంబీపీఎస్ స్పీడు ఉంటే చాలు, మీరు దానికి ఎన్నో రెట్లు కొంటున్నారు, కానీ అది టీవీ దాకా చేరాలి కదా. ఇంటికి బాగుండదని రౌటర్‌ని బేస్‌మెంట్‌లో చెప్పుల స్టాండ్ వెనక దాచిన ఇళ్లు నేనెరుగుదును. టీవీకి ఒక తీగ వేయగలిగితే వేయండి, లేకపోతే రౌటర్‌ని పైకి తెచ్చి పెట్టండి. అప్పటికీ ఆగుతుంటే అదే టీవీలో యూట్యూబ్ పెట్టి చూడండి, అది బాగానే ఆడితే తప్పు ఆ యాప్ వాళ్ల సర్వర్‌ది, క్వాలిటీ ఒక మెట్టు తగ్గించుకోవడం తప్ప మీరు చేయగలిగింది లేదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. వచ్చే నెల అబ్బాయి దగ్గరకు సియాటిల్ వెళ్తున్నాం. టీవీ విషయంలో ఇక్కడే చేసుకోవాల్సిన ఏర్పాట్లు ఏమైనా ఉన్నాయా?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఒకటే ఉంది మాస్టారూ, మీ సిమ్. మీ యాపులూ బ్యాంకూ అన్నీ ఆ నంబరుకే ఓటీపీ పంపుతాయి. అది తీసి పర్సులో పెట్టి అక్కడి సిమ్ వేసుకుంటే, రెండో వారం ఏదో యాప్ మళ్లీ లాగిన్ అవమంటుంది, ఓటీపీ తెనాలి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. బయల్దేరేముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి, మీరు తిరిగొచ్చేదాకా సరిపడేలా రీచార్జ్ చేయించుకోండి, రెండు సిమ్ములు పట్టే ఫోన్ ఉంటే ఇంకా హాయి. ఇండియా యాపులకి ఏడాది చందా మాత్రం వెళ్లే ముందు కట్టకండి, ఎందుకో డాలస్ వాళ్లకి రాసిన జవాబులో ఉంది. ఎండాకాలంలో సియాటిల్లో మీకు పన్నెండున్నర గంటల తేడా, అంటే ఇక్కడి సాయంత్రం ఆరు గంటల వార్తలు అక్కడ తెల్లవారి అయిదున్నరకి. మీరు ఎలాగూ ఆ టైముకి లేచి ఉంటారు, కాఫీ మాత్రం మీరే కలుపుకోవాలి.

ప్రశ్న: శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణం లైవ్‌లో చూడాలని ప్రతి ఏడాదీ అనుకుంటాం, ప్రతి ఏడాదీ మిస్సవుతాం. టైము ఎలా లెక్కపెట్టుకోవాలి?
ఒక పాఠకురాలు, టొరంటో

జవాబు: కల్యాణం మిట్ట మధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో జరుగుతుంది, మీకు అప్పటికే గడియారాలు గంట ముందుకి జరిపే ఎండాకాలం టైము మొదలైపోతుంది కాబట్టి తొమ్మిదిన్నర గంటలు వెనక్కి లెక్కేయండి. మన 12 అంటే మీకు రాత్రి 2.30. మీరు మిస్సయ్యేది అందుకే, నవమి రోజు మధ్యాహ్నం చూద్దామని కూర్చుంటారు, అప్పటికి ఇక్కడ ముత్యాల తలంబ్రాలు అయిపోయి భోజనాలు కూడా అయిపోయి ఉంటాయి. కెనడా తేదీ చూసుకుంటే నవమి తెల్లవారుజామున, అంటే ముందు రోజు రాత్రి పడుకోకుండా ఉండాలన్నమాట. చానళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాయి కాబట్టి యాప్ కొనక్కర్లేదు. లైవ్ అయిపోయాక ఆ వీడియో చాలాసార్లు అక్కడే ఉంటుంది, పొద్దున స్నానం చేసి తీరిగ్గా వెనక్కి జరిపి చూసినా రాముడేమీ అనుకోడు. మేలుకునే చూస్తామంటే పానకం రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఆ టైముకి బెల్లం కొడితే కింది అపార్ట్‌మెంట్ వాళ్లు పైకొస్తారు.