బి సైడు చివర మిగిలిన టేపు

నెల్లూరు,
ఆదివారం

అల్లుడూ,

నీ మెసేజ్ చూశా. "ఎన్ని యాప్‌లు మార్చినా అవే పాటలు మామా, కొత్తోళ్లను యాడ పట్టుకోవాలి?" అన్నావు. ఫోన్లో ఇంత టైపు చేయడం నా బొటనవేలి వల్ల కాదు, అందుకే కాగితం తీశా. బుధవారం మీ నాన్న కావలి వెళ్తాడట, ఆయన చేతికిచ్చి పంపుతా.

నేను ట్రంకు రోడ్డులో క్యాసెట్ల కొట్టు నడిపిన సంగతి నీకు తెలుసు. జనం పాటల చీటీ రాసుకొచ్చేవాళ్లు. 60 నిమిషాల ఖాళీ క్యాసెట్, ఒక్కో వైపు అరగంట. చీటీలో పాటలన్నీ ఎక్కించాక బి సైడు చివర రెండు మూడు నిమిషాల టేపు మిగిలేది. ఊరికే వదిలేస్తే "ఏందబ్బా, టేపు మిగిల్చావే" అని పేచీ. అందుకని వాళ్లు అడగని పాట, పేరు కూడా విని ఉండని గొంతు ఒకటి అందులో పెట్టేవాణ్ణి. చాలామంది పట్టించుకునేవాళ్లు కాదు. కొందరు మాత్రం వారం తర్వాత వచ్చి, బల్ల మీద క్యాసెట్ పెట్టి, "అవన్నీ సరేగానీ, చివర్న ఒకాయన పాడాడే, ఆయనవి ఇంకేమున్నాయి?" అని అడిగేవాళ్లు. ఆ రోజు మీ అత్తకు మల్లెపూలు పట్టుకెళ్లేవాణ్ణి.

నీ ఫోను చీటీలో ఉన్నవి బ్రహ్మాండంగా ఎక్కిస్తుంది. మిగిలిన టేపులో కూడా ఆ పాటల తమ్ముళ్లనే పెడుతుంది. దాన్ని తిట్టి లాభం లేదు. నీలాగా వినేవాళ్లు ఇంకేం వింటున్నారో చూసి అది నీకు చెబుతుంది. నిన్న రాత్రి పాట పెట్టిన కుర్రాణ్ణి పదిమంది కూడా వినలేదనుకో, వాడి గురించి చెప్పడానికి దాని దగ్గర ఏముంటుంది? స్పాటిఫై ప్రతి సోమవారం ఇచ్చే 30 పాటలు విను, వద్దనను. కాకపోతే మీ అత్త తెల్లారుజామున నా ఫోన్లోనే సుప్రభాతం పెడుతుంది, దాంతో సోమవారం నాకు సగం వెంకటేశ్వరస్వామే. నీ ఫోను ఇంకొకరి చేతికిచ్చేటప్పుడు ప్రైవేట్ సెషన్ ఆన్ చేసి ఇవ్వు, ఆ గొడవ ఉండదు.

అసలు పని మనుషుల్ని పట్టుకోవడం. పాట నచ్చితే పాడినవాడి దగ్గరే ఆగిపోకు. గిటార్ ఎవరిది, రాసిందెవరు, మిక్సింగ్ ఎవరు చేశారు? మూడు చుక్కల గుర్తు నొక్కితే క్రెడిట్స్ అని వస్తుంది. మేం క్యాసెట్ అట్ట లోపలి చిన్నక్షరాలు చదివినట్టు దాన్ని చదువు. ఆ పేర్లలో ఒకదాన్ని పట్టుకుని ఆ మనిషి ఇంకెవరితో పనిచేశాడో చూడు. మన బాలుగారు 1966లో మొదటి సినిమా పాట పాడారు. ఆ తొలి రోజుల్లో ఆయన నడిపిన కచేరీ ట్రూపులో ఇళయరాజా వాయించేవారు. ఆ కచేరీలకు వెళ్లి గాయకుణ్ణి మాత్రమే చూసి ఇంటికెళ్లినవాడికి, వెనక కూర్చున్న మనిషి ఎవరో తెలియడానికి, ఇళయరాజా సంగీతంతో మొదటి సినిమా వచ్చిన 1976 దాకా పట్టింది. ఈ మధ్యదే చెప్పాలంటే, రామ్ మిరియాల పేరు జాతిరత్నాలు సినిమాలో పాడాక ఊరంతా తెలిసింది. చౌరస్తా బ్యాండు పాటలు విన్నవాళ్లకు ఆ గొంతు అంతకు ముందే తెలుసు.

బ్యాండ్‌క్యాంప్ అని ఒకటుంది, 2008 నుంచీ నడుస్తోంది. పాడేవాళ్లు సొంతంగా అక్కడ పెట్టి అమ్ముకుంటారు. కొనకముందే వినొచ్చు. ఊరి పేరు కొట్టి కూడా వెతకొచ్చు. నాకు నచ్చింది వేరే. ఆల్బమ్ కింద కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒక బొమ్మ మీద నొక్కితే ఆ మనిషి ఇంకేం కొన్నాడో మొత్తం కనిపిస్తుంది. అంటే ముక్కూ మొహం తెలియనివాడి ఇంటికెళ్లి క్యాసెట్ల అర చూసినట్టే. పోయిన వేసవిలో ఒక వయొలిన్ ఆల్బమ్ కొన్నవాడి అరలోకి దూరా. అక్కణ్ణుంచి ఎవరో పల్లెల్లో తిరిగి రికార్డు చేసిన పడవ పాటలు, అక్కణ్ణుంచి ఒక సన్నాయి కుర్రాడు. టైమెంతైందని చూస్తే రాత్రి రెండున్నర.

అక్కడ నచ్చింది కొను, అల్లుడూ. పాట అమ్మితే బ్యాండ్‌క్యాంప్ వాళ్లు ఉంచుకునేది 15 శాతం. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు అదీ వదిలేస్తున్నారు. అదే స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో 1000 సార్లన్నా వినని పాటకు పైసా రాదు. నేను ఎక్కించి అమ్మిన క్యాసెట్ల మీద పాడినవాళ్లకు ఒక్క రూపాయి చేరలేదు. అప్పట్లో అందరం చేసిందే అని సర్దిచెప్పుకోవచ్చుగానీ, అది దొంగ వ్యాపారమే. ఇప్పుడు నెలకొక ఆల్బమ్ కొంటున్నా. పెన్షన్లో అంతకు మించి మీ అత్త ఒప్పుకోదు.

వినడం గురించి ఒక్కమాట. ఇరవై సెకన్లు విని పక్కకు తోసెయ్యకు. చెన్నైలో 2018 జనవరిలో మొదటి కచేరీ చేసిన ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బ్యాండు పాట ఎవరో వినిపిస్తే నాకు చిరాకేసింది. గానా అనే చెన్నై వాడల పాట, ర్యాప్, రాక్ అన్నీ ఒక కుండలో వేసి కలిపినట్టుంది. రెండోసారి కూడా అంతే. మూడోసారి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ విన్నా, అప్పుడు డప్పు దొరికింది. పాట కింద ఆ దెబ్బ ఎక్కడ పడుతోందో తెలిశాక మిగతావన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. అందుకే నా లెక్క మూడుసార్లు, మూడు వేర్వేరు చోట్ల. అప్పటికీ ఎక్కకపోతే వదిలెయ్, మొహమాటం వద్దు. కొత్తవాడు కాబట్టి బాగుందనాలని రూలేం లేదు, చాలామందివి బాగుండవు కూడా.

చెన్నై రైలెక్కి కచేరీకి వెళ్తే గంట ముందే వెళ్లు. పెద్దవాళ్లకు ముందు పాడే ముక్కూ మొహం తెలియని ముగ్గురి కోసమే మనం వెళ్లేది. అప్పుడు అందరూ బయట టీ తాగుతుంటారు.

దొరికిన పాటను నలభై మంది ఉన్న గ్రూపులో పడెయ్యకు. నేను చేశా, గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య కొట్టుకుపోయింది. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో చూశావుగా, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి. చదువు రొట్టె కావాల్సినవాడికి పెళ్లి రొట్టె ఇవ్వరు. అట్లాగే ఈ పాట ఎవరికి పనికొస్తుందో చూసి ఆ ఒక్కరికే పంపు. "రెండో నిమిషం దగ్గర ఫ్లూట్ విను" అని ఒక ముక్క రాయి. ఆ ముక్క ఉంటే వింటారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నేను విని ఉండని పాట ఒకటి పట్టుకురా. ఆ ఇయర్‌ఫోన్లు నా చెవిలో నిలవవు, అప్పట్లో కొట్టులో వాడిన పాత స్పీకర్లు అటక మీంచి దించి తుడిచి పెడతా. వైరు మాత్రం నువ్వే తేవాలి, నీ ఫోనుకు ఏది పడుతుందో నాకు తెలీదు.

మీ మామ