కొట్టేసిన ఆ ఒక్క మాట

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది గుంటూరు, ఉద్యోగాల వల్ల బెంగళూరులో ఉంటున్నాం. పక్షవాతంతో మంచాన పడ్డ నాన్నని రెండేళ్లు నా దగ్గరే పెట్టుకుని చూసుకున్నాను. ఎనిమిది నెలల క్రితం పోయారు. అప్పట్నుంచి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటోంది, నిద్ర పట్టదు. కౌన్సెలింగ్‌కి మూడుసార్లు వెళ్లాను. ఏమనిపిస్తోందని ఆవిడ ఇంగ్లీషులో అడుగుతారు. 'టెన్షన్' తప్ప నా నోట ఇంకేం రాదు. చెప్పుకోవడం చేతకానిదానికి థెరపీ ఎందుకు? మానేద్దామా?

జవాబు: అప్పుడే మానేయకండి. భావాలకి మాటలు దొరకని తీరుకి 'అలెక్సితైమియా' అని 1970ల్లో పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్టు పేరు పెట్టారు. మీది అదనిపించట్లేదు. ఎందుకంటే, మీరు చేత్తో రాసి పంపిన ఉత్తరంలో నాన్నగారు పోయిన రాత్రి గురించి చెబుతూ 'హమ్మయ్య' అని రాసి, దాని మీద రెండు గీతలు కొట్టారు. నాలుగు పేజీల్లోనూ కొట్టివేత అదొక్కటే. అంటే మాట వచ్చింది, దాన్ని చూసి మీరే జడుసుకున్నారు.

రెండేళ్లపాటు పక్కబట్టలు మార్చి, ఒళ్లు తుడిచి, అర్ధరాత్రి లేచి అటూ ఇటూ ఒత్తిగిలించిన మనిషికి అలా అనిపించడం ప్రేమ లేక కాదమ్మా. మంచాన పడ్డవాళ్లకి చేసిన కూతుళ్లూ కోడళ్లూ నా దగ్గర ఈ ఒక్క మాట అనడానికి నెలలు తీసుకుంటారు. అన్నాక ఏడుస్తారు, ఆ రాత్రి నిద్రపోతారు కూడా.

ఇక 'టెన్షన్'. పరీక్షకీ అదే, అప్పుకీ అదే, చావుకీ అదేనా? (మా అమ్మకి ఆ మాటే తెలీదు. ఆవిడకి దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు.) మీ అన్నయ్య పెద్దకర్మకి వచ్చి నలుగురి చేతా మెప్పు పొంది వెళ్లారని రాశారు. అది ఉక్రోషమా, నిష్ఠూరమా? నేను పేరు పెట్టను. ఒంటరిగా ఉన్నప్పుడు రెండూ పైకి అని చూడండి, ఏ మాటకి గొంతు పట్టేస్తుందో.

గొంతు సంగతి ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. అక్కడేం లేదంటే, కౌన్సెలర్ ప్రశ్నకి జవాబు గొంతు దగ్గర్నుంచే మొదలుపెట్టొచ్చు: ఏ పూట అడ్డం పడుతోంది, ఎవరి ఫోన్ వచ్చాక?

ఆవిడకి తెలుగు రాకపోతే, వచ్చినవాళ్ల దగ్గరికి పంపమని అడగండి. నొచ్చుకోరు, మా వృత్తిలో మామూలే. నాన్నగారితో ఏనాడూ ఇంగ్లీషులో మాట్లాడని మీరు ఆయన గురించి ఇంగ్లీషులో ఏడవలేరు. ఈలోగా ఎప్పుడైనా 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ అది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. నాన్నతోపాటే పోతే బాగుండుననిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి.

ఈసారి వెళ్లేటప్పుడు ఆ ఉత్తరం మళ్లీ రాసి తీసుకెళ్లి చదివి వినిపించండి, కొట్టేసిన మాటతో సహా.