మంచు కరిగితే బేస్‌మెంట్‌లోకి నీళ్లొస్తాయా? (సమాధానం)

ఒమాహాలో (అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం) మొన్నటి మంచు తుఫానుకి పెరట్లో అడుగున్నర మంచు, శుక్రవారానికల్లా 60 డిగ్రీల ఫారన్‌హీట్ అట, బేస్‌మెంట్ మునుగుతుందా అని అడిగారు కదండీ. మంచుకన్నా అసలు చిక్కు నేలతోనే. కింద మట్టి ఇంకా గడ్డకట్టి ఉంటే కరిగిన నీరు ఇంకదు, పల్లం ఎటుంటే అటు పోతుంది, ఒక్కోసారి ఆ పల్లం మన గోడ పక్కనే ఉంటుంది. 2019 మార్చిలో నెబ్రాస్కా వరదలు ఇలా వచ్చినవే, పైగా వాన కూడా తోడైంది.

ఈరోజే గోడ పక్క మంచుని నాలుగైదు అడుగుల అవతలకి తోసేయండి, డౌన్‌స్పౌట్ (కప్పు మీది నీళ్లని కిందికి దించే గొట్టం) మూతి దగ్గర ఐసుంటే తీసేయండి. సంప్ పంపు (బేస్‌మెంట్‌లో చేరే నీళ్లని బయటికి తోడేది) గుంటలో బకెట్ నీళ్లు పోసి చూడండి. మోటారు తిరిగితే చాలదు, బయట పైపు చివర నీళ్లు పడాలి. మాది బాగానే తిరిగింది, పైపులో ఐసు అడ్డుపడి తెల్లారేసరికి కార్పెట్ తడిసి ముద్ద!